కృష్ణమ్మను దింపిన దీవి

సెప్టెంబర్ 14, 2011, బుధవారం

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె, రెండో రోజు. పదింటికి ఎల్బీనగర్ చౌరస్తా టెంటుకు పోయి సంతకం పెట్టి, రెండు పాటలు, నాలుగు ఉపన్యాసాలు విని, ఒంటిగంటకు ఇల్లు చేరాను. కాలేజీకి తాళం. పందొమ్మిదేళ్ళ సర్వీసులో సెప్టెంబర్ నెల మధ్యాహ్నం ఇంట్లో ఇట్లా ఖాళీగా కూర్చోవడం ఇదే మొదలు.

టెంట్లో మైకూ రిజిస్టరూ రెండూ ఎకనామిక్స్ అరుణజ్యోతి చేతిలోనే. ఎర్ర అట్ట రిజిస్టరు కొనుక్కొచ్చింది. రిలే దీక్షలో ఏ రోజు ఎవరు కూర్చున్నారు, ఎవరు మాట్లాడారు, ఎవర్ని పోలీసులు తీసుకుపోయారు, అన్నీ రాస్తుందట.

"రేపు చరిత్ర రాసేటోళ్లకు అక్కరకొస్తది అక్కా. హిస్టరీ మేడంవి, నీకు నేను చెప్పాల్నా?"

నాకు ఉత్సాహం వచ్చింది. వంతు ఉండి కూడా రానివాళ్ళకు వేరే గడులు పెట్టమన్నాను. పేరు, బదులు కూర్చున్నవారు, కారణం. వచ్చినవాళ్ళ సంగతి అందరూ రాస్తారు, రానివాళ్ళు ఎందుకు రాలేదన్నదే యాభై ఏళ్ళ తర్వాత చదివేవాళ్ళకు ఎక్కువ పనికొస్తుందని చెప్పాను. అరుణజ్యోతి అప్పటికప్పుడే స్కేలు పెట్టి గీతలు గీసింది. మా అటెండర్ కృష్ణమ్మ పక్కనే నిలబడి, "మేడం దిమాకే దిమాకు" అన్నది. రోజంతా ఆ మాట నా వెంటే ఉంది.

సెప్టెంబర్ 16, శుక్రవారం

బీరువా సర్దాను. కింది అరలో పట్టుచీరల నడుమ రమ్య ఓడ ఆట డిస్కు. ఇంటర్ పరీక్షల ముందు దాని దగ్గర గుంజుకుని నేను దాచింది. "బుద్ధున్న మనిషి ఎవరన్నా ఇట్లాంటిది ఆడతారా" అని ఆ రోజు కన్నకూతుర్ని ఎంతెంత మాటలన్నానో. ఇప్పుడది వరంగల్ హాస్టల్లో ఇంజనీరింగ్ చదువుకుంటోంది. కంప్యూటర్ మాత్రం ఇక్కడే, దాని గదిలో, గుడ్డ కప్పుకుని ఉంది.

ఏముందని అంత ఏడ్చిందో చూద్దామని పెట్టాను. అరగంట.

సెప్టెంబర్ 17, శనివారం

మొదట కెప్టెన్ను తయారుచేసుకోవాలి. ముఖం, జుట్టు, ఎత్తు, గొంతు అన్నీ మనమే ఎంచుకోవాలి. నా వయసు ముఖం ఉండదనుకున్నాను, ఉంది. చెంపల దగ్గర నెరిసిన వెంట్రుకలు, కంటి కింద కత్తిగాటు. పేరు కొట్టమంటే నాగేశ్వరి అని నా పేరే కొట్టాను. కొట్టాక సిగ్గేసింది గానీ మార్చలేదు. పది పాయింట్లిస్తారు, కత్తికీ దిక్కులు తెలుసుకోవడానికీ మాట నేర్పుకీ పంచుకోవాలి. ఏడు మాటకే పెట్టాను. లెక్చరర్ను కదా.

సముద్రమంతా మంచు కమ్మి ఉంటుంది. ఓడ పోయినంత మేరే విడిపోతుంది. గాలి ఎటు వీస్తోందో తెర పైన ఒక ఈక ఊగుతూ చెప్తుంది, దాన్నిబట్టి తెరచాప తిప్పుకోవాలి. ఒక దీవిలో మనుషులు తమ నీడల్ని అమ్ముకుని ఎండలో తెల్లగా తిరుగుతున్నారు. ఇంకో దీవి దగ్గర మునిగిన కోట గంటలు నీళ్ళ కింద మోగుతున్నాయి. నేను సముద్రం చూసింది రెండుసార్లు, అదీ పెళ్ళయ్యాక అత్తగారి వైపు పోయినప్పుడు. మునుగోడు పక్క పుట్టినదాన్ని, నాకు నీళ్ళంటే బోరు పంపే.

సిబ్బంది తొమ్మిదిమంది. పేర్లు మనమే పెట్టాలి. అరుణజ్యోతిని తెరచాపల మీద పెట్టాను. ప్రిన్సిపాల్ గారిని ఓడ అడుగున నీళ్ళు తోడే పనిలో పెట్టి ఒక్కదాన్నే నవ్వుకున్నాను. కృష్ణమ్మను వంటకు. ఆ ఒక్క పేరుకు ఆలోచించే పనే పడలేదు.

ఒక్కొక్కరి పేరు పక్కన ఐదేసి గవ్వలు ఉంటాయి. మనం వాళ్ళతో మాట్లాడితే, సమానంగా తిండి పంచితే, ఇచ్చిన మాట నిలబెట్టుకుంటే ఒక్కో గవ్వా వెలుగుతుంది. కెప్టెన్ మీద నమ్మకం అన్నమాట.

సెప్టెంబర్ 19, సోమవారం

ఇవాళ్టి నుంచి బస్సులు కూడా లేవు. మా బాల్కనీలోంచి చూస్తే దిల్‌సుఖ్‌నగర్ డిపో నిండా బస్సులు, ఒక్కటీ కదలదు. ఎల్బీనగర్ దాకా ఎట్లా పోను? మోకాలు నొప్పి.

సెప్టెంబర్ 20, మంగళవారం

అరగంట.

సెప్టెంబర్ 22, గురువారం

మా ఆయన మూర్తి షూ లేసు కట్టుకుంటూ అడిగాడు.

"ఏంటి, ఇవాళ కూడా టెంటుకి వెళ్ళవా?"

"బస్సుల్లేవు కదండీ."

"నేను దింపుతానుగా. హయత్‌నగర్ వెళ్ళాలంటే ఎల్బీనగర్ మీంచే కదా."

మందుల కంపెనీ ఉద్యోగం, ఆయనకు సమ్మె లేదు. బ్యాగు నిండా శాంపిళ్ళతో స్కూటర్ మీద ఊరంతా తిరగాలి.

"మీ వాళ్ళకు ఎదురు కూర్చోడానికి నన్ను మీరే దింపుతారా?" అని నవ్వాను.

"మా వాళ్ళెవరే బాబూ? తెనాలి వదిలి ఇరవై మూడేళ్ళయింది. మీ కృష్ణమ్మ వాళ్ళాయన సైదులు ఆటోలో ఎక్కితే, ఏం సార్ ఎట్లున్నరు అంటాడు. ఊరెళ్తే, ఏంటి తెలంగాణోడా అంటారు. నా సంగతి వదిలెయ్. సంతకం పెట్టిందానివి, వెళ్ళకపోతే బాగుండదు."

తలనొప్పి అన్నాను. అమృతాంజనం తెచ్చి పక్కన పెట్టి వెళ్ళాడు. స్కూటర్ చప్పుడు గేటు దాటేదాకా నుదుటి మీద చెయ్యి పెట్టుకునే ఉన్నాను.

అత్తయ్య ఫోన్లో ఎవరితోనో అంటోంది: "పాపం, సెలవైనా గదిలో తలుపేసుకుని పేపర్లు దిద్దుకుంటోందమ్మా మా కోడలు."

సెప్టెంబర్ 24, శనివారం

కరెంటు పోయింది. సింగరేణిలో బొగ్గు తీయడం లేదు, రోజుకు మూడు గంటలంటున్నారు. సముద్రపు పాము ఓడను చుట్టేసింది. నేను దాని మూడు తలల్లో రెండు నరికి, మూడోదాని మీద కత్తి ఎత్తిన క్షణంలో తెర నల్లబడింది. రెండు గంటల కష్టం నీళ్ళపాలు. నోట్లోంచి వచ్చేసింది, "వీళ్ళ సమ్మె పాడుగాను."

వీళ్ళ.

ఇకనుంచి ప్రతి చిన్నపనికీ సేవ్ చేసుకోవాలి. ఓడ బొమ్మ, పక్కన తేదీ, గంట, నిమిషంతో సహా ఆటే వరుసగా రాసి పెట్టుకుంటుంది. నాకంటే శ్రద్ధగా డైరీ రాస్తుంది.

సెప్టెంబర్ 28, బుధవారం

అరుణజ్యోతి ఫోన్.

"అక్కా, సోమవారం దీక్షల నీ వంతు. తొమ్మిదికల్ల రా, దండలేస్తం."

"చూస్తాను జ్యోతీ."

"చూసుడేంది? బోర్డు మీద నీ పేరు రాసినం. పది రోజులాయె నీ మొకం చూడక. మా తెరచాప ఊడిపోతున్నది, నువ్వు లేక మాట్లాడేటోళ్లు లేరు."

తెరచాప అనలేదు. షామియానా అన్నది. నేనే తప్పు రాశాను, కొట్టెయ్యను.

"ఇంట్లో పరిస్థితి నీకు తెలుసు కదా" అన్నాను.

అటు గొంతు తగ్గించింది. "ఓ, గదా సంగతి. సారు ఒద్దంటున్నడా?"

నేనేమీ అనలేదు.

"అర్థమైంది తీయ్ అక్కా. టీవీల చర్చలు చూసి ఇండ్లల్ల గిట్లనే అయితున్నది. నువ్వు మనసుల పెట్టుకోకు."

నేను అబద్ధం చెప్పలేదు. పరిస్థితి అన్నాను, ఏ పరిస్థితో అనలేదు. ఆమె అడిగినదానికి అవునని కూడా అనలేదు.

అక్టోబర్ 1, శనివారం

కృష్ణమ్మకు ఫోన్ చేశాను.

"సోమవారం నా వంతు కృష్ణమ్మా. నాకు వీలు పడేట్టు లేదు."

"అయ్యో, గంతే గదా మేడం. మీ దండ నేనేసుకుంట. పోయిన శుక్రారం నా వంతు కూసుంటిగా, ఏం కాలే. తిండి లేదన్న మాటే గాని, పనెవ్వలు చెప్తలేరు, హాయిగుండె."

"నీకు షుగర్ కదా."

"గోలీ ఏస్కుంటలే. మీరు పరేషాన్ కాకున్రి. సారుతోని కొట్లాట పెట్టుకోకున్రి, జ్యోతి మేడం చెప్పింది."

షుగర్ సంగతి నేను గుర్తుచేశాను. చేశాను కదా.

టెంట్లో అది మామూలే. వంతు ఉన్నవాళ్ళకు వీలు కాకపోతే ఇంకొకరు ఆ దండ వేసుకుని కూర్చుంటారు. బోర్డు మీద పేరు మార్చరు. సాయంత్రం ఐదుకు పెద్దవాళ్ళెవరో నిమ్మరసం ఇస్తారు, అయిపోతుంది.

అక్టోబర్ 3, సోమవారం

అత్తయ్యకు బీపీ ఎక్కువైంది. రోజంతా ఆమె దగ్గరే కూర్చున్నాను. ఫోన్ లోపలి గదిలో ఉండిపోయింది.

అక్టోబర్ 4, మంగళవారం

కృష్ణమ్మ నిన్న టెంట్లో పడిపోయింది. గోలీ వేసుకుని ఏమీ తినకుండా కూర్చుందట. పదకొండు దాటాక ఒక పక్కకు ఒరిగితే నిద్రపోతోందనుకున్నారట. లేపబోతే కూలిపోయి, షామియానా ఇనుప గుంజకు నుదురు తగిలింది. ఐదు కుట్లు. దవాఖానలో ఏం మందు వాడుతుందని అడిగితే పక్కనున్నవాళ్ళెవరికీ తెలియలేదు. నాకు తెలుసు. ఏడేళ్ళుగా ఆమెకు ఆ గోలీలు మూర్తి ఇస్తున్నవే. అరుణజ్యోతి నాకు మూడుసార్లు ఫోన్ చేసిందట అడగడానికి.

ఫోన్ లోపలి గదిలో ఉంది.

ఇప్పుడు తెలివిలోనే ఉంది. మాట్లాడుతోంది.

అక్టోబర్ 5, బుధవారం

సద్దుల బతుకమ్మ. కిందికి పోలేదు. పాటలు వినబడుతున్నాయి.

అక్టోబర్ 6, గురువారం. దసరా

ఇది రాయకూడదనుకున్నాను.

మూర్తి పొద్దున్నే రెండు జమ్మి రెమ్మలు తెచ్చాడు. తెనాలిలో లేని అలవాటు, ఇక్కడికొచ్చి నేర్చుకున్నాడు. ఏటా మా ఫ్లాట్లలో అందరి చేతుల్లో తనే ముందుగా ఆకు పెట్టి 'బంగారం' అంటాడు. "పద, కృష్ణమ్మని చూసొద్దాం" అన్నాడు. నేను రానన్నాను. "అదేంటి, నీ బదులు కూర్చునే కదా పడిపోయింది?" అన్నాడు. అంతవరకే ఆయనకు తెలుసు. నాకు మోకాలు నొప్పి అని, కృష్ణమ్మ కూర్చుంటానంది అని మాత్రమే చెప్పి ఉన్నాను. చివరికి ఇద్దరం పోయాం.

వార్డులో మంచం పక్కన స్టూలు మీద ఆమె భర్త సైదులు. కృష్ణమ్మ నుదుటి మీద కట్టు, ఒక కన్ను వాచి మూసుకుపోయింది. మమ్మల్ని చూసి లేవబోయింది. మూర్తి ఆమెకు ఆకు ఇచ్చాడు, కళ్ళకద్దుకుంది. తర్వాత సైదులుకు చెయ్యి చాపాడు.

సైదులు రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

"ఒద్దు సార్."

"ఏంటి సైదులూ?"

"ఏంది అంటరేంది సార్? మీ ఇంటామెను ఇంట్ల పెట్టి తలుపేసుకుంటిరి. మా ఇంటామె నెత్తి పలిగె. ఇగ బంగారం ఇయ్యొస్తిరి."

కృష్ణమ్మ మంచం మీంచే కసిరింది. "నీ నోరు పడిపోను, ఊకో! మేడం ఉన్నది."

"మేడంని నేనేమంటున్ననే? ఆమెదేమున్నది, ఆమె మాత్రం ఏం చేస్తది?"

మూర్తి నా వైపు చూశాడు. ఒక్క మాట చాలు. 'సైదులూ, ఆయన నన్ను ఆపలేదు.' నాలుగు మాటలు. మాట నేర్పుకు ఏడు పాయింట్లు పెట్టుకున్నదాన్ని. గ్లూకోజ్ సీసాలో బుడగలు లెక్కపెట్టాను.

పగవాడికైనా ఇచ్చే ఆకు. మూర్తి దాన్ని జేబులో పెట్టుకున్నాడు. ఇల్లు చేరాక మెట్ల దగ్గరే అడిగాడు.

"నేనెప్పుడైనా నిన్ను వెళ్ళొద్దన్నానా?"

"లేదు."

"మరి వాళ్ళకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. వాళ్ళే అనుకున్నారు."

"నువ్వు కాదన్లేదా?"

లిఫ్టు రాలేదు. కరెంటు లేదు. నాలుగంతస్తులు నా ముందే ఎక్కి పోయాడు.

అక్టోబర్ 8, శనివారం

మూడో తారీకు పేజీ మళ్ళీ రాస్తున్నాను. పాతది చింపను.

అత్తయ్యకు బీపీ లేదు. హాల్లో టీవీ చూస్తూ చిక్కుడుకాయలు ఒలుస్తోంది. నేను తొమ్మిదిన్నరకు రమ్య గదిలోకి పోయి తలుపేసుకున్నాను. అప్పుడే అక్కడ ఎల్బీనగర్లో నా పేరున్న బోర్డు కింద కృష్ణమ్మ మెడలో నా బంతిపూల దండ వేస్తున్నారు.

నా ఓడ ఉప్పు జలసంధి చేరింది. దాని మొదట్లో నల్లటి రాతి దీవి, దీవి మీద ఒక దీపం. దీపం ఆరితే దారి మూసుకుపోతుంది. దాటిపోవాలంటే దాన్ని చూసుకోవడానికి ఒక మనిషిని అక్కడ దింపిపోవాలి. మళ్ళీ ఎక్కించుకోవడం ఉండదు. కెప్టెనే దిగవచ్చు, కానీ అప్పుడు ఓడ ఇంకొకరిదైపోతుంది, మన ఆట అక్కడితో సరి.

ఒక్కొక్కర్ని పిలిచి అడిగాను. అరుణజ్యోతి, మూడు గవ్వలు. 'నేనెందుకు?' ప్రిన్సిపాల్, ఒక్క గవ్వ. కత్తి దూశాడు. ఐదు గవ్వలు నిండినవాళ్ళే ఒప్పుకుంటారు. అది ఆ ఆట నియమం, ఎవర్ని నమ్మించామో వాళ్ళనే దింపగలం. ఐదూ నిండినది ఒక్క వంటమనిషికే.

కృష్ణమ్మ అని నేను పేరు పెట్టిన ఆ బొమ్మ గరిటె పక్కన పెట్టి అన్నది: 'సరే కెప్టెన్. పొయ్యి మీద పులుసుంది, మాడకుండా చూసుకోండి.'

దింపేశాను. ఎక్కువసేపు ఆలోచించలేదు. కరెంటు పోతుందేమోనన్న భయమే ఉంది. వెంటనే సేవ్ చేశాను.

ఫోన్ లోపలి గదిలో లేదు. మౌసు పక్కనే ఉంది. మోగింది, చూశాను, అరుణజ్యోతి. బోర్లించాను. మళ్ళీ మోగింది. మళ్ళీ మోగింది. దీక్షకు ఎందుకు రాలేదని తిట్టడానికే అనుకున్నాను. జలసంధిలో ఈక గిరగిర తిరుగుతోంది, చెయ్యి తియ్యడానికి లేదు.

ఈ డైరీ ఎవరూ చదవరు. దీనికి కూడా అబద్ధం చెప్పాను. ఎవరి కోసం?

అక్టోబర్ 9, ఆదివారం

మూర్తికి చెప్పాను. మొత్తం.

"ఆటా?" అన్నాడు.

"అవును."

"రమ్యదా? ఆ ఓడలదా?"

"అవును."

చాలాసేపు టీపాయ్ మీద పేపర్ మడతపెట్టి విప్పి మడతపెట్టాడు. "నా మొహం చూసి నువ్వు వెళ్ళలేదని వాళ్ళు అనుకున్నా పోనీలే. నీకు మనసులో భయముందేమో, నా కోసం ఆగిపోయావేమో అనుకుని మూడు రోజుల్నించి నిన్ను ఏమీ అడగలేదు నేను. అదైనా నిజమైతే బాగుండేది నాగేశ్వరీ."

ఆ గదిలోకి పోయి కంప్యూటర్ మీద గుడ్డ కప్పి వచ్చాడు. అంతే.

అక్టోబర్ 10, సోమవారం

టెంటుకు నడిచే పోయాను. కొత్తపేట దాటేసరికి మోకాలు నిజంగానే నొప్పి పుట్టింది.

అరుణజ్యోతిని పక్కకు పిలిచి చెప్పాను. ఆయన నన్ను ఎప్పుడూ ఆపలేదు, ఇంట్లో కంప్యూటర్లో ఆట ఆడుకుంటూ ఉండిపోయాను అని.

ఆమె నా చెయ్యి పట్టుకుంది. కళ్ళలో నీళ్ళు. "అక్కా, ఎంతకని ఎనకేసుకొస్తవ్ ఆయన్ని?"

"నిజం జ్యోతీ. ఓడ ఆట. అందులో నువ్వు కూడా ఉన్నావు, తెరచాపల మీద."

నవ్వేసింది. ఫిజిక్స్ గోపయ్య సారు వినేసి, "మేడం, జర మంచి సాకు చూసుకోవాల్సింది. పెద్ద ఎమ్మే హిస్టరీ, పిల్లల ఆటలాడుకుంట కూసున్న అంటే ఎవలు నమ్ముతరు?" అన్నాడు. అందరూ నవ్వారు. నన్ను చూసి కాదు, నా మీద జాలితో. అది ఇంకా అన్యాయం.

రిజిస్టరు చూపించమన్నాను. మూడో తారీకు. నేను గీయించిన గడులు.

పేరు: నాగేశ్వరి. బదులు: కృష్ణమ్మ, అటెండర్. కారణం: భర్త ఆంధ్ర, అభ్యంతరం.

నీలం సిరా. గుండ్రటి అక్షరాలు. యాభై ఏళ్ళ తర్వాత ఎవరో ఒక పిల్ల పీహెచ్‌డీ కోసం ఇది తెరిచి, దొరికిందని సంబరపడి రాసుకుంటుంది. ఆ పిల్లకు ఏం వెతకాలో నేర్పేది నాలాంటివాళ్ళే.

"మార్చు" అన్నాను.

"నువ్వు ఇంటికి పో అక్కా, మల్ల ఆయన ఒచ్చే యాల్లయితది" అన్నది ప్రేమగా.

అక్టోబర్ 12, బుధవారం

ఆడలేదు.

అక్టోబర్ 13, గురువారం

ఆడాను. అరగంట కాదు. రెండున్నర గంటలు. గుడ్డ మళ్ళీ అట్లాగే కప్పాను, మడతలు కూడా అట్లాగే.

అక్టోబర్ 15, శనివారం

కృష్ణమ్మను నేనే పిలిచాను. కుట్లు విప్పారు. కనుబొమ్మ మీద ఎర్రటి గీత, కంటిదాకా. నా కెప్టెన్ ముఖం మీద అలంకారానికి పెట్టుకున్నలాంటిదే.

గదిలోకి తీసుకుపోయి గుడ్డ తీసి చూపించాను. మొదట కుర్చీలో కూర్చోనంది. బలవంతంగా కూర్చోబెట్టాను. ఓడను చూసి ముచ్చటపడింది.

"గిది మీరే నడుపుతరా మేడం?"

"నేనే."

సిబ్బంది జాబితా తెరిచాను. ఎనిమిది పేర్లు తెల్లగా, ఒకటి బూడిదరంగులో. ఇంగ్లీషులో తన పేరు గుర్తుపడుతుంది, రోజూ హాజరు పట్టీలో చూస్తుంది కదా.

"గీమె నేనేనా? ఏం పని ఓడల?"

"వంట."

"గీడ గూడా గదేనా!" పగలబడి నవ్వింది. "గిట్ల రంగెందుకు పోయింది నాకు?"

దీవి సంగతి చెప్పాను. ఆ రోజు నేను ఎక్కడున్నానో, ఏం చేస్తున్నానో చెప్పాను. సేవ్ చేసినవి వరుసగా తెరిచాను. అక్టోబర్ 3, ఉదయం 11:42. పైన మొత్తం గంటలు నూట పద్నాలుగు. ఇది చూశాక నమ్మకపోవడానికి లేదు. ఆమె వేలు పెట్టి అంకెలు చదువుకుంది. నవ్వు ఆగింది గానీ కోపం రాలేదు.

"పోనీయున్రి మేడం. నేను ఎవ్వలకు చెప్ప. సారు ఆపిండంటే జర ఇజ్జతున్నది. ఆట అంటే మిమ్మల్ని పోరగాండ్లు గూడా నవ్వుతరు. గట్లనే ఉండనియ్యున్రి."

సరే కెప్టెన్.

అక్కడితో ఆపవచ్చు. అవునని తల ఊపితే చాలు. ఊపేదాన్నే. ఆమె లేవబోతూ తూలి బల్ల పట్టుకుంది, ఇంకా తల తిరుగుతోందట. అప్పుడు చెప్పాను. ఫోన్ ఇక్కడే ఉందని. పేరు చూసి బోర్లించానని. మూడుసార్లు.

ఆమె మౌసు పక్కన ఆ చోటు చూసింది.

"గోలీ పేరడుగ చేసిన్రు గదా అప్పుడు."

"అవును."

"మీకు తెల్వదు గదా నాకట్లయిందని."

"తెలియదు. కానీ ఎత్తలేదు."

కొంగుతో ముఖం తుడుచుకుంది. కనుబొమ్మ దగ్గర మెల్లగా. "నేను పడిపోయినంక సారు మీద ఎన్ని మాటలన్నడు మా ఆయన. ఏడేండ్లాయె సారు గోలీలు ఇచ్చుడు. ఒక్కనాడు మరిచిపోలే." తలుపు దాకా పోయి ఆగింది. "గట్లయితే ఉన్నదే రాయున్రి మేడం. నిజమే రాయున్రి."

చాయ్ తాగకుండానే పోయింది. మూర్తి ఆమె కోసం బల్ల మీద పెట్టిన గోలీల కవరు మాత్రం తీసుకుపోయింది.

అక్టోబర్ 18, మంగళవారం

మాకు సమ్మె వాయిదా పడింది, తక్కినవాళ్ళది నడుస్తోంది. కాలేజీ తెరిచారు. తరగతి గదుల్లో నెల రోజుల దుమ్ము. టెంటు సామాను స్టాఫ్‌రూమ్‌కు చేరింది, బ్యానర్లు, మైకు, రిజిస్టరు.

అందరూ ఉన్నప్పుడే రిజిస్టరు తెరిచి పెన్ను తీశాను. అరుణజ్యోతి వచ్చి పేజీ మీద చెయ్యి పెట్టింది.

"అక్కా, నీకు దండం పెడ్త. ఇది నీ ఇంటి ముచ్చట కాదు. రేపు ఎవలన్న చదివితే, తెలంగాణ కోసం లెక్చరర్లు గిట్ల సమ్మె చేసిన్రా అని నవ్వరా?"

"నవ్వుతారు."

"మరి? ఇల్లిల్లు తిరిగి అందర్ని కూడగట్టినం. ఒక్క లైను కోసం..."

"నేను కూర్చోలేదు జ్యోతీ. కూర్చున్నవాళ్ళ మీద నవ్వరు, నా ఒక్కదాని మీద నవ్వుతారు. ఆ ఒక్క లైను నాది."

చెయ్యి తియ్యలేదు. కృష్ణమ్మ తలుపు దగ్గర చీపురు పట్టుకుని నిలబడి ఉంది. అన్నది, "జ్యోతి మేడం, నెత్తి పలిగింది నాది. రాయనియ్యున్రి."

అరుణజ్యోతి చెయ్యి తీసి కిటికీ దగ్గరికి పోయింది.

'భర్త ఆంధ్ర, అభ్యంతరం' మీద ఒక్క గీత కొట్టాను. కింద చదవడానికి వీలుగానే ఉంచాను, మొదట ఏం రాశారో కూడా తెలియాలి. గడి చిన్నది. ఇరికించి రాశాను.

'కారణం: ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. ఇంట్లో కంప్యూటర్లో ఓడ ఆట ఆడుతున్నాను. ఫోన్ వస్తే ఎత్తలేదు. నాగేశ్వరి.'

"చదువున్రి" అన్నది కృష్ణమ్మ.

పైకి చదివాను. నలభై మంది పిల్లల ముందు రోజూ గొంతెత్తేదాన్ని, రెండోసారి చదవాల్సి వచ్చింది, మొదటిసారి వినబడలేదట. గోపయ్య సారు నవ్వబోయి ఆగిపోయాడు. ఎవరో కుర్చీ జరిపారు. గంట కొట్టే వేళయింది, ఎవరూ లేవలేదు.

కృష్ణమ్మ వచ్చి రిజిస్టరు తన వైపు తిప్పుకుంది. సిరా ఆరేదాకా నిలబడింది. ఊదలేదు, తొందరపడలేదు. ఆరాక మూసి బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి కొంగున కట్టుకుంది. అది ఎప్పుడూ ఆమె పనే. గంట కొట్టడానికి పోతూ నా వైపు చూడలేదు.

సైదులు సాయంత్రం కాలేజీకి ఆటో తెస్తాడు, ఆమెను తీసుకుపోవడానికి. మూర్తి నన్ను ఆపలేదని అతనికి ఆమే చెప్తుందో, నేనే చెప్పాలో తెలియదు. రేపు గేటు దగ్గర నిలబడతాను. మూర్తి ప్యాంటు జేబులో జమ్మి ఆకు ఎండిపోయి ఉంది, ఉతకడానికి వేసే ముందు తీసి ఈ పేజీలో పెట్టాను.

ఆ గడిలో మళ్ళీ ఏమన్నా దిద్దాలనిపిస్తే, తాళంచెవి కృష్ణమ్మను అడగాలి.